పంచనామా జరగని చావులు

సూపర్ కంప్యూటర్ల మీద పనిచేసే మా అందరికీ బాగా అలవాటైపోయిన లైను ఒకటుంది. సాయంత్రం జాబ్ ఇచ్చి ఇంటికెళ్ళి, పొద్దున్నే వచ్చి అవుట్‌పుట్ ఫైలు తెరిస్తే అట్టడుగున కనిపిస్తుంది: సమయ పరిమితి దాటినందున జాబ్ రద్దు. అంతే. 64 నోడ్లు, అంటే కలిసి పనిచేసే విడివిడి కంప్యూటర్లు, ఒక్కో నోడ్‌లో 48 ప్రాసెస్‌లు, రాత్రంతా కాల్చిన కరెంటు. మూడు వేల పైచిలుకు ప్రాసెస్‌లలో ఏది ఎక్కడ ఇరుక్కుంది, దేనికోసం మిగతావి కాచుక్కూర్చున్నాయి, ఎన్ని గంటలకి మొదలైందీ వ్యవహారం అంటే చెప్పడానికి మా దగ్గర ఆ ఒక్క లైను తప్ప ఏమీ ఉండదు. ఊళ్ళో ఎవరైనా అనుమానాస్పదంగా పోతే పోలీసులు పెద్దమనుషుల్ని పిలిచి, చుట్టూ చూసి, పంచనామా రాసుకున్నాక గాని శవాన్ని కదిలించనివ్వరు. మేం రోజూ కదిలించేస్తాం.

ఈ పాపంలో అందరికీ వాటా ఉంది. ప్రోగ్రాములు రాసేవాళ్ళం, వాటి నడక కొలిచే టూల్స్ కట్టేవాళ్ళం, క్లస్టర్లు నడిపేవాళ్ళం, యంత్రాలు కొనే కమిటీల్లో కూర్చుని తలాడించేవాళ్ళం. ముప్పై ఏళ్ళకు పైగా నోడ్ల మీది సాక్ష్యాన్ని ఇంటికి తెచ్చుకోవడం అనే పనిని అన్నిటికన్నా చివర పెట్టాం. చివరిదాకా రాని జాబ్‌ల గతి ఏమిటని అడగలేదు.

ట్రేస్ అంటే తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు. పెద్ద లెక్కను వేల ముక్కలు చేసి ఒక్కో ముక్కను ఒక్కో ప్రాసెస్‌కి అప్పగిస్తాం. ఎంపీఐ అనే పద్ధతిలో అవి ఒకదానికొకటి సందేశాలు పంపుకుంటూ లెక్కను ముందుకు నడుపుతాయి. ట్రేస్ ఆన్ చేస్తే ప్రతి ప్రాసెస్ తను చేసిందంతా రాసుకుంటూ పోతుంది: ఫలానా క్షణంలో ఫలానా ఫంక్షన్‌లోకి వెళ్ళాను, ఫలానా నంబరుకి ఇన్ని బైట్లు పంపాను, ఫలానా నంబరు నుంచి రావలసింది ఇంకా రాలేదు. ఈ రాతలు ముందు ఆ నోడ్ మెమరీలోనే ఒక బఫర్‌లో ఉంటాయి, అది నిండితే డిస్కు మీదికి వెళ్తాయి. వేల చోట్ల పడి ఉన్న ఈ రాతల్ని పోగుచేసి, కాలక్రమంలో పేర్చి, తెర మీద రంగుల పట్టీలుగా గీస్తే అప్పుడు బయటపడుతుంది, ఎక్కడో ఒక ప్రాసెస్ ఆలస్యంగా పంపిన ఒక్క సందేశం కోసం మిగతా అన్నీ ఖాళీగా నిలబడ్డాయని. డ్రెస్డెన్ వాళ్ళ వాంపీర్, బార్సిలోనా వాళ్ళ పారావెర్, యూలిష్ వాళ్ళ స్కలాస్కా ఈ పనికే పుట్టాయి. అన్నీ మంచి టూల్సే. నేను రాస్తున్నది వాటి మీద ఫిర్యాదు కాదు, వాటిని కట్టినవాళ్ళూ వాడినవాళ్ళూ కలిసి చేసుకున్న ఒక చూసీచూడని ఒప్పందం మీద.

ఒక క్లస్టర్‌లో జరిగింది చెబుతాను. సముద్ర ప్రవాహాల మోడల్ మీద పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి వచ్చింది.

“సార్, ట్రేస్ ఫైళ్ళు కనబడట్లేదండి.”

“ఎక్కడ రాయించావమ్మా?”

“నోడ్ టెంప్‌లోనే సార్. షేర్డ్ డిస్కు మీద రాస్తే అందరికీ స్లో అయిపోతుందని మీరే అన్నారు కదండీ.”

అన్నాం. తప్పు సలహా కూడా కాదు. మూడు వేల ప్రాసెస్‌లు ఒకే ఫోల్డర్‌లో ఒకేసారి ఫైళ్ళు తెరిస్తే ఫైల్ సిస్టమ్ పద్దులు చూసే సర్వర్ ఉక్కిరిబిక్కిరైపోతుంది, క్లస్టర్‌లో మిగతావాళ్ళంతా మాకు ఫోన్లు చేస్తారు. అందుకని ఎవరి నోడ్‌లో వాళ్ళు రాసుకోండి, తర్వాత కాపీ చేసుకోవచ్చు అని చెబుతుంటాం. ఆ ‘తర్వాత’ ఆమెకి రాలేదు. గడువు దాటగానే, జాబ్‌లకి నోడ్లు కేటాయించే షెడ్యూలర్ ఆ జాబ్‌ని చంపింది. వెంటనే ఎపిలాగ్ అనే స్క్రిప్ట్ ప్రతి నోడ్ మీదా పరిగెత్తి టెంప్ ఫోల్డర్‌ని శుభ్రంగా తుడిచేసింది, తర్వాత వచ్చేవాళ్ళకి జాగా కావాలి కదా. ఆ స్క్రిప్ట్ రాసిందీ మేమే. తమాషా ఏమిటంటే, ఏ నోడ్‌లో ఏ ఫైలు ఉందో వరసగా చెప్పే జాబితా మాత్రం షేర్డ్ డిస్కు మీద చెక్కుచెదరకుండా ఉంది. చిరునామాలన్నీ మిగిలాయి, ఫైళ్ళు ఒక్కటీ మిగల్లేదు.

“పోతే పోయాయిలేమ్మా, టైమ్ ఇంకాస్త పెంచి మళ్ళీ సబ్మిట్ చెయ్యి” అన్నాం. ఆ అమ్మాయి తలూపి వెళ్ళిపోయింది. పదిమందిలో తొమ్మిదిమందికి మేం చెప్పే వైద్యం ఇదే.

ఈ అలవాటుకి మూలం చాలా వెనక ఉంది. 1990 ప్రాంతంలో అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలలో పికిల్, పారాగ్రాఫ్ అనే టూల్స్ వచ్చాయి. అప్పటివి హైపర్‌క్యూబ్ యంత్రాలు. నోడ్ల మధ్య తీగలు నెమ్మది. లెక్క సాగుతుండగా ట్రేస్‌ని కూడా అదే తీగల మీద పంపితే అసలు సందేశాలకు అడ్డం పడుతుంది, కొలవబోయిన నడకే మారిపోతుంది. అందుకని ట్రేస్‌ని నోడ్ మెమరీలోనే అట్టే పెట్టి, పని ముగిశాక హోస్ట్ యంత్రానికి పంపడం మేలనుకున్నారు. కొలత వల్ల కలిగే ఈ కలత గురించి ఆలెన్ మలోనీ లాంటివాళ్ళు ఆ రోజుల్లోనే లోతుగా పని చేశారు. ఆ నిర్ణయం ఆనాటికి సబబే. తర్వాత తీగలు వేల రెట్లు వేగం అందుకున్నాయి, నోడ్లు వందల నుంచి లక్షలకు చేరాయి, నోడ్లు పెరిగేకొద్దీ మధ్యలో ఏదో ఒకటి చచ్చిపోయే అవకాశమూ పెరిగింది. ఆ నిర్ణయాన్ని మాత్రం మళ్ళీ తెరిచి చూడలేదు. వారసత్వంగా వచ్చిన ఆస్తిలాగే దాన్నీ అనుభవించాం.

ఎంపీఐ ప్రోగ్రామ్ చివర ఫైనలైజ్ అని ఒక పిలుపు ఉంటుంది. లెక్కంతా అయిపోయాక అన్ని ప్రాసెస్‌లూ అక్కడికి చేరి సెలవు తీసుకుంటాయి. మా టూల్స్ దాదాపు అన్నీ తమ ముఖ్యమైన పనంతా తీసుకెళ్ళి ఆ గడప దగ్గరే పెట్టాయి. ఆర్గాన్ ప్రయోగశాల వాళ్ళ ఎంపీఈ తన లాగ్‌లను అక్కడే కలిపేది. ఇవాళ ఎక్కువమంది వాడే స్కోర్-పీ కూడా అంతే. మిగిలిన బఫర్లు డిస్కుకి చేరేది అక్కడే. ఒక్కో ప్రాసెస్ తన ఫంక్షన్లకి తనకు తోచిన నంబర్లు పెట్టుకుంటుంది, వాటన్నిటినీ ఒకే పట్టికకు తెచ్చేదీ అక్కడే. ఆ పట్టిక లేకపోతే డిస్కు మీద గిగాబైట్లు ఉన్నా అవి అర్థంలేని అంకెల కుప్ప.

అన్నిటికన్నా విడ్డూరమైంది గడియారాల సంగతి. ప్రతి నోడ్‌కీ దాని గడియారం దానిది. ఇన్ఫినీబ్యాండ్ మీద ఒక చిన్న సందేశం ఒక నోడ్ నుంచి ఇంకో నోడ్‌కి ఒకటి రెండు మైక్రోసెకన్లలో చేరుతుంది. మామూలు నెట్‌వర్క్ పద్ధతిలో దిద్దుకున్న గడియారాల మధ్య తేడా అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. అలాగే వదిలేసి ట్రేస్‌లను కలిపితే, పంపకముందే అందిన సందేశాలు తెర మీద బారులు తీరతాయి. బాణాలు వెనక్కి గీసినట్టు కనిపిస్తాయి. లెస్లీ లాంపోర్ట్ 1978లో రాసిన ప్రసిద్ధ వ్యాసం మొదలుపెట్టింది సరిగ్గా ఈ చిక్కుతోనే: వేరువేరు చోట్ల జరిగిన సంఘటనల్లో ఏది ముందు, ఏది వెనక అని తేల్చడం ఎలా? మా టూల్స్ చేసే పని ఏమిటంటే, జాబ్ మొదట్లో ఒకసారి నోడ్ల గడియారాల తేడా కొలుస్తాయి, చివర ఇంకోసారి కొలుస్తాయి, ఆ రెండు కొలతల మధ్య సరళరేఖ గీసి నడుమ సమయాలన్నీ సర్దుతాయి. తెలివైన ఉపాయమే. చివర అంటే మళ్ళీ ఫైనలైజ్. అక్కడిదాకా రాని జాబ్‌కి రెండో కొలత లేదు, కాబట్టి ఫైళ్ళు ఎలాగో చిక్కినా వాటిలో ముందువెనకలు నమ్మడానికి లేదు.

అంటే సజావుగా ముగిసిన జాబ్ గురించి మా దగ్గర మైక్రోసెకన్లతో సహా సమాచారం ఉంటుంది. ఇరుక్కుని చచ్చిన జాబ్ గురించి ఏమీ ఉండదు. దేని గురించి తెలుసుకోవలసిన అవసరం ఎక్కువో దాని గురించి తెలియకుండా ఉండేలా, ఎవరూ ప్రత్యేకంగా పూనుకోకుండానే, మేమంతా కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నాం.

పరిమాణం మాటెత్తి చేతులు దులుపుకోవడం మాకు అలవాటు. అది పూర్తి అబద్ధమూ కాదు. ఒక్కో ప్రాసెస్ సెకనుకి వెయ్యి సంఘటనలు రాస్తుంది, ఒక్కోటి 30 బైట్లు అనుకుందాం. పదివేల ప్రాసెస్‌లకి గంటకు ఒక టెరాబైట్ దాటుతుంది. స్కోర్-పీ మామూలుగా ఒక్కో ప్రాసెస్‌కి 16 మెగాబైట్ల జాగాతో మొదలవుతుంది. అది నిండితే లెక్క మధ్యలో ఆగి డిస్కుకి రాయాలి. ఒకటి ఆగితే దాని కోసం మిగతావి ఆగుతాయి, ఆ ఆగడమూ ట్రేస్‌లో పడి మమ్మల్ని తికమక పెడుతుంది. ఈ బరువును ఎత్తడానికి యూలిష్ వాళ్ళు గట్టి పనే చేశారు. వేల ప్రాసెస్‌ల ఫైళ్ళను కొద్ది ఫైళ్ళలోకి సర్దే సయాన్‌లిబ్‌ని 2009లో ప్రకటించారు, తర్వాత జుజీన్ యంత్రం మీద 2,94,912 ప్రాసెస్‌ల ట్రేస్‌ని తెచ్చి విశ్లేషించి చూపించారు. చప్పట్లు కొట్టాం, కొట్టవలసిందే. ఆ చప్పట్లలో ఒక సంగతి మరుగున పడిపోయింది. రికార్డు పెట్టిన జాబ్‌లన్నీ ఫైనలైజ్‌కి చేరినవే.

డేవిడ్ బెయిలీ 1991లో ఒక వెటకారపు వ్యాసం రాశాడు, పారలల్ కంప్యూటర్ల మీద సాధించిన వేగం గురించి జనాన్ని మభ్యపెట్టడానికి పన్నెండు మార్గాలు అని. మా రంగంలో దాన్ని చదివి నవ్వుకోనివాళ్ళు అరుదు. ఆగిపోయిన జాబ్‌ల ఊసే ఎత్తకపోవడం అనే పదమూడో మార్గాన్ని ఆయన రాయలేదు. దాన్ని మేమే కనిపెట్టి, ఎవరూ మార్గం అని కూడా అనుకోనంత మామూలు చేసేశాం.

నోడ్ల దగ్గరికి వెళ్ళి చూస్తే ఏం దొరుకుతుందో మాకు తెలియదని కాదు. 2003లో లాస్ అలమోస్ నుంచి పెత్రీని, కెర్బిసన్, పాకిన్ అనే ముగ్గురు ఒక పరిశోధన పత్రం తెచ్చారు. ఆస్కీ క్యూ అనే యంత్రం, 8,192 ప్రాసెసర్లు, నోడ్‌కి నాలుగు. సేజ్ అనే ప్రోగ్రామ్ దాని మీద ఉండాల్సిన వేగంలో సగమే నడుస్తోంది. విచిత్రంగా, పెద్ద సంఖ్యలో నోడ్లు వాడినప్పుడు ప్రతి నోడ్‌లోనూ నాలుగింటికి బదులు మూడే వాడితే వేగం పెరుగుతోంది. ప్రోగ్రామ్‌లో వెతికితే ఏ తప్పూ లేదు. వాళ్ళు పట్టుబట్టి నోడ్ల లోపలికి చూస్తే అక్కడ చిన్న చిన్న డీమన్లు, అంటే వెనకాల తమపాటికి తాము నడిచే సిస్టమ్ పనులు, అప్పుడప్పుడు లేచి ప్రాసెసర్‌ని కాసేపు లాక్కుని మళ్ళీ పడుకుంటున్నాయి. 32 నోడ్ల ప్రతి గుంపులోనూ 0, 1, 31 నంబర్ల నోడ్ల మీద గుంపును చూసుకునే పనులు అదనంగా ఉన్నాయి. ఒక్కో నోడ్‌లో చూస్తే ఆ నష్టం లెక్కలోకి రానంత చిన్నది. కాని ప్రతి అడుగులోనూ అందరూ అందరి కోసం ఆగాల్సిన ప్రోగ్రామ్‌లో ఎవరో ఒకరి దగ్గర ఆ క్షణం తగులుతూనే ఉంటుంది, దాని మూల్యం అందరూ కడతారు. అక్కర్లేని డీమన్లను ఆపి, మిగిలినవాటిని సర్దితే సేజ్ వేగం రెట్టింపయింది. కొత్త ప్రాసెసర్ ఒక్కటీ కొనలేదు.

ఆ పత్రాన్ని ఇరవై ఏళ్ళుగా ప్రతి ఉపన్యాసంలో చూపిస్తున్నాం. నాలుగింటికన్నా మూడు మేలన్న గ్రాఫ్ దగ్గర ఆగి, విద్యార్థుల ముఖాల్లో ఆశ్చర్యం చూసి మురిసిపోతాం. మా సొంత క్లస్టర్‌లో ఏ నోడ్ మీద ఏ డీమన్ ఎన్ని సెకన్లకోసారి లేస్తోందో చెప్పమంటే మాత్రం నీళ్ళు నములుతాం.

షెడ్యూలర్ల దగ్గర కూడా మా మనస్తత్వం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చాలా క్లస్టర్లలో వాడే స్లర్మ్‌లో, ఒక ఫైలును జాబ్ నోడ్లన్నిటికీ పంచిపెట్టే ఆజ్ఞ ఎస్‌బీకాస్ట్. అది అసలు కట్టలో భాగం. నోడ్లన్నిటి నుంచీ ఒక ఫైలును వెనక్కి పోగుచేసే ఎస్‌గేదర్ కూడా ఉంది, కాని అది ఎవరో దయతలచి రాసిచ్చిన స్క్రిప్టుగా అదనపు ఫోల్డర్‌లో పడి ఉంది. పంపడం మా పని, తెచ్చుకోవడం మీ తంటా అన్నట్టు. అదే స్లర్మ్ గడువు దాటిన జాబ్‌ని చంపేముందు ఒక హెచ్చరిక సిగ్నల్ పంపి, మామూలుగా 30 సెకన్లు ఆగుతుంది. కావాలంటే గడువుకి ఐదు నిమిషాల ముందే సిగ్నల్ పంపమని జాబ్ స్క్రిప్ట్‌లో ఒక లైనుతో అడగొచ్చు. మేం విద్యార్థులకు ఇచ్చే నమూనా స్క్రిప్ట్‌లలో ఆ లైను లేదు.

30 సెకన్లలో టెరాబైట్లు రావు, నిజమే. అంతా ఎందుకు కావాలి? జాబ్ ఎలా చచ్చిందో తెలియడానికి ఆఖరి క్షణాలు చాలు. ప్రతి ప్రాసెస్ తన చివరి రెండు వేల సంఘటనలే ఉంచుకుని, పాతవాటి మీద కొత్తవి రాసుకుంటూ పోతే 60 కిలోబైట్లు అవుతుంది. మొదట్లో చెప్పిన ఆ మూడు వేల ప్రాసెస్‌లకీ కలిపితే 200 మెగాబైట్లు కూడా దాటదు. ఇది కొత్త ఊహ కాదు. బార్సిలోనా వాళ్ళ ఎక్స్‌ట్రే టూల్‌తో వచ్చే నమూనా కాన్ఫిగరేషన్ ఫైలు తెరవండి. బఫర్ అన్న భాగంలో సైజు కింద ‘సర్క్యులర్’ అని ఒక లైను ఉంటుంది. దాని పక్కన ‘నో’ అని ఉంటుంది. ఆ ఫైలును మేమంతా ఎన్నిసార్లు కాపీ చేసుకున్నామో! సైజు అంకె మార్చుకున్నాం, ఫోల్డర్ పేరు మార్చుకున్నాం, ఆ లైను మీదుగా కళ్ళు జారిపోయాయి.

అదే వస్తువును ఆ తర్వాత కృత్రిమ మేధ మోడళ్ళకి శిక్షణ ఇచ్చేవాళ్ళు తెచ్చి పెట్టుకున్నారు. వాళ్ళని కొన్నాళ్ళు మేం చిన్నచూపే చూశాం, పారలల్ కంప్యూటింగ్‌లో ఓనమాలు రానివాళ్ళని. 2024లో మెటా సంస్థ తన లామా 3 మోడల్ గురించి వేసిన పత్రంలో 16,384 జీపీయూల మీద 54 రోజుల్లో శిక్షణ 466 సార్లు ఆగిపోయిందని, అందులో 419 అనుకోకుండా ఆగినవేనని, ఏ భాగం వల్ల ఎన్నిసార్లు ఆగిందో పట్టిక వేసి మరీ అచ్చువేసింది. జీపీయూలు ఒకదానికోసం ఒకటి కాచుకుని బిగుసుకుపోయినప్పుడు ఎక్కడ బిగిసిందో చూడటానికి పైటార్చ్‌లోని ఫ్లైట్ రికార్డర్‌ని వాడారు. అది చేసేది పైన చెప్పిందే: తిరుగు బఫర్‌లో ఆఖరి సంఘటనలు, అవి ఏ కోడ్ నుంచి వచ్చాయో ఆ వివరం, గడువు దాటితే ప్రతి ప్రాసెస్ తనది బయటికి కక్కేయడం. ఒక జాబ్ ఆగితే వాళ్ళకి డబ్బు పోతుంది, మాకు విద్యార్థి ఏడాది పోతుంది. తేడా అక్కడుందేమో అని నాకు అనుమానం.

మావాళ్ళలో ఎవరూ ఏమీ చేయలేదంటే అన్యాయమే. లాస్ అలమోస్ వాళ్ళు ఎన్నో ఏళ్ళ తమ యంత్రాల వైఫల్యాల పట్టికల్ని 2000ల మధ్యలోనే బయటపెట్టారు. విస్కాన్సిన్, లివర్‌మోర్ వాళ్ళు స్టాట్ అనే టూల్ కట్టి, బిగుసుకుపోయిన లక్షల ప్రాసెస్‌ల స్టాక్‌లను చెట్టు కొమ్మల్లా విడదీసిన నెట్‌వర్క్ మీదుగా కలుపుతూ తెచ్చి, ఎవరు ఏ గుంపులో ఎక్కడ ఇరుక్కున్నారో చూపించారు. కాని జాబ్ ఇంకా బతికుండగా ఎవరో ఒకరు మేలుకుని ఉండి ఆ టూల్‌ని దానికి తగిలించాలి. అర్ధరాత్రి రెండింటికి బిగిసిన జాబ్ దగ్గర మేలుకుని ఉండేదెవరు?

మన దేశం సంగతికొస్తే, 2015లో నాలుగున్నర వేల కోట్ల రూపాయలతో జాతీయ సూపర్ కంప్యూటింగ్ మిషన్‌కి ఆమోదం వచ్చింది. దేశమంతా పరమ్ యంత్రాలు వచ్చాయి. హైదరాబాద్ ఐఐటీలో 838 టెరాఫ్లాప్‌ల పరమ్ సేవ వచ్చింది. మా చేతుల్లో యంత్రాలు లేవన్న సాకు పోయింది. శిక్షణ తరగతులూ పెరిగాయి, వాటిలో మాలో చాలామందిమి పాఠాలు చెప్పాం. సందేశం పంపడం, అందుకోవడం, తర్వాత జీపీయూ. ట్రేస్ మాత్రం ఆఖరి రోజు మధ్యాహ్నం, భోజనాలయ్యాక, సర్టిఫికెట్ల కోసం సగంమంది గడియారం చూసుకుంటున్న వేళ, మొక్కుబడిగా. చూపించేది కూడా నాలుగు ప్రాసెస్‌ల బొమ్మ ప్రోగ్రామ్, చక్కగా ఫైనలైజ్‌కి చేరేది. టెండర్ పత్రాల్లో గరిష్ఠ వేగం ఎంత, మెమరీ ఎంత అని పేజీలకు పేజీలు రాయించాం. నోడ్ చచ్చిపోతే దానిమీది ఆఖరి రాతలు ఎక్కడికి చేరాలి అన్న ప్రశ్నకు అక్కడ ఒక పేరా కూడా పెట్టించలేదు.

తెచ్చుకున్న ట్రేస్‌లనైనా చదివామా అంటే అదీ అంతంతమాత్రమే. స్క్రాచ్ డిస్కు మీద నెలల తరబడి ఎవరూ తెరవని ఫోల్డర్లు పడి ఉంటాయి, నిర్ణీత కాలం దాటాక సిస్టమే వాటిని ఊడ్చేస్తుంది. తెరవకపోవడానికి కారణం బద్ధకం ఒక్కటే కాదు. ట్రేస్ చదవడం అనే పనికి మా రంగంలో పేరు రాదు. పత్రం రాదు, ప్రమోషన్ రాదు. పది రోజులు కూర్చుని ఒక ప్రోగ్రామ్‌లో అనవసరపు నిరీక్షణ తీసేసినవాడికన్నా, కొత్త యంత్రం మీద అదే ప్రోగ్రామ్‌ని రెట్టింపు నోడ్లతో నడిపి చూపినవాడికి సభలో ముందు వరసలో కుర్చీ వేశాం.

ఏడాది చివర ప్రతి కేంద్రమూ వినియోగ శాతం లెక్కగట్టి పైవాళ్ళకి పంపుతుంది. 90 దాటితే సంబరం. ఆ శాతం ఎలా వస్తుందంటే, జాబ్‌లకి కేటాయించిన నోడ్ గంటలను మొత్తం గంటలతో భాగిస్తారు. జాబ్ బతికిందా చచ్చిందా అన్నది ఆ భాగహారంలో లేదు. గడువు దాటి రద్దయినవి, నోడ్ పోయి ఆగినవి, తప్పుతో కూలినవి, వాటి గంటలన్నీ వినియోగం కిందే జమ. స్లర్మ్ పద్దుల్లో ప్రతి జాబ్ పక్కనా అది ఎలా ముగిసిందో రాసే ఉంటుంది. సాక్ట్ అనే ఆజ్ఞ ఒక్కటి కొడితే ఈ గంటలు వేరే, ఆ గంటలు వేరే అని విడిపోయి తెర మీదికి వస్తాయి. ఆ రెండో అంకెను నివేదికలో వెయ్యమని ఏ కమిటీ అడగలేదు. ఆ కమిటీల్లో సగం కుర్చీల్లో ఉన్నదీ మేమే.